కడప కాంగ్రెస్ అభ్యర్థి ఏం చెప్పారు? సీమ ఏం అడగాల?

(దువ్వూరులో విద్యార్థులు, ఉద్యోగులు, రైతులు పాల్గొన్న సభలో చేసిన ప్రసంగ పాఠం)



ఓట్లు లేనప్పుడు ఓట్ల మాట ఎందుకప్పా అని కొందరు అడిగినారు. ఓట్లు లేనప్పుడే మాట్లాడుకోవాల. ఓట్లు దగ్గరికొస్తే మైకులు మోగతాయి, జెండాలు ఎగరతాయి. అప్పుడు ఎవరు ఏం చెప్పినారో వినే తీరిక ఉండదు. అందుకే ఈ పూట 2024 లోక్‌సభ ఎన్నికలో కడప నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా నిలబడిన వై.ఎస్. షర్మిల గారి విధానాలను మన ముందర పెట్టుకుందాం. ఆమెను తిట్టడానికీ కాదు, పొగడడానికీ కాదు. దేశం మీద ఆమె పార్టీ ఏం చెప్పింది, రాష్ట్రం మీద ఆమె ఏం చెప్పినారు, ఆ రెండింటి మధ్య రాయలసీమ ఎక్కడుంది? ఈ మూడింటి లెక్క చూద్దాం.

ఆమెనే ఎందుకు తీసుకున్నామంటే, ఆ ఎన్నికలో జాతీయ విధానం మొత్తాన్ని ఒక మేనిఫెస్టోగా పట్టుకుని కడపకు వచ్చిన ప్రధాన అభ్యర్థి ఆమే. 2021లో తెలంగాణలో సొంత పార్టీ పెట్టి, 2024 జనవరిలో దాన్ని కాంగ్రెస్‌లో కలిపి, అదే నెలలో ఆంధ్రప్రదేశ్ కాంగ్రెస్ అధ్యక్షురాలయినారు. ఏప్రిల్‌లో బద్వేలు వైపు నుంచి బస్సు యాత్ర మొదలుపెట్టినారు. మే 13న పోలింగ్ జరిగింది. జూన్ 4న లెక్క తేలింది. వైసీపీ అభ్యర్థి వై.ఎస్. అవినాష్ రెడ్డి గారు 62,695 ఓట్ల ఆధిక్యంతో గెలిచినారు. తెలుగుదేశం అభ్యర్థి రెండో స్థానంలో నిలిచినారు. షర్మిల గారికి 1,41,039 ఓట్లు వచ్చినాయి. డిపాజిట్ దక్కలేదు. ఆ ప్రచారంలో పెద్ద భాగం వివేకానంద రెడ్డి గారి హత్య చుట్టూ తిరిగింది. అది కోర్టులో ఉన్న కేసు, తీర్పు చెప్పాల్సింది కోర్టు. మనం దాని జోలికి పోవద్దు. ఆ గొడవలో మునిగిపోయిన విధానాల సంగతే మనకు కావాల.

ఈ జిల్లా ఒకప్పుడు కమ్యూనిస్టు ఈశ్వరరెడ్డి గారిని నాలుగు సార్లు లోక్‌సభకు పంపింది. 1989 నుంచి మాత్రం కడప ఎంపీ ఒకే కుటుంబం నుంచి వస్తున్నారు. 2024లో గెలిచినాయనా, కాంగ్రెస్ తరఫున ఓడినామే ఆ కుటుంబమే. జనం ఇష్టపడి ఓటేస్తే మనం తప్పు పట్టలేం. అయితే మనిషిని చూసి ఓటేసినాక కూడా ఆ మనిషి నీళ్ల గురించి ఏమన్నారు, కొలువుల గురించి ఏమన్నారు అని అడిగే హక్కు మన దగ్గరే ఉంటుంది. ఆ హక్కును మనం వాడుకోవడం మానేసినాం.

ఢిల్లీ మాట, మన మడి లెక్క

కాంగ్రెస్ జాతీయ మేనిఫెస్టో 2024 ఏప్రిల్ 5న వచ్చింది. కేంద్ర ప్రభుత్వంలో 30 లక్షల ఉద్యోగాలు నింపుతామన్నారు. డిప్లొమా, డిగ్రీ చేసిన పిల్లలకు ఏడాదికి లక్ష రూపాయలతో అప్రెంటిస్ శిక్షణ అన్నారు. పేద కుటుంబంలో ఆడబిడ్డకు ఏటా లక్ష అన్నారు. కూలి రోజుకు 400 అన్నారు. కులగణన చేస్తామన్నారు. పంటకు మద్దతు ధరను చట్టం చేస్తామన్నారు. ఇవన్నీ మంచి మాటలే. ఉద్యోగ మిత్రులు ఒకటి గమనించినారో లేదో, పాత పెన్షన్ గురించి ఆ జాతీయ మేనిఫెస్టోలో ఒక్క మాట లేదు. అదే పార్టీ రాజస్థాన్‌లో, హిమాచల్‌లో పాత పెన్షన్ తెచ్చినామని చెప్పుకుని కూడా దేశానికి ఆ హామీ ఇవ్వలేదు. మన రాష్ట్రంలో సీపీఎస్ రద్దు అని నమ్మి దెబ్బతిన్న ఉద్యోగులు ఈ మౌనాన్ని కూడా హామీలాగానే చదవాల.

ఆ మేనిఫెస్టోలో దువ్వూరుకు నేరుగా తగిలే హామీ ఒకటుంది. రైతుకు మేలు చేసే ఎగుమతి, దిగుమతి విధానం తెస్తామనేది. సభల్లో దాని గురించి చప్పట్లు పడలేదు. మన మండలానికి మాత్రం అదే ముఖ్యం. ఎందుకో చెప్తా.

మన దువ్వూరు, మైదుకూరు, చాపాడు, ఖాజీపేట చుట్టూ పండే కేపీ ఎర్రగడ్డ మీకు తెలుసు. కృష్ణాపురం ఉల్లి అంటారు. చిన్న గడ్డ, ఘాటు ఎక్కువ. మన ఊళ్లల్లో కూరకు వాడం. అది మలేసియా, సింగపూర్ వైపు ఓడల్లో పోయే పంట. ఢిల్లీలో, ముంబైలో ఉల్లి ధర పెరిగితే కేంద్రం ఎగుమతి ఆపుతుంది. 2020 సెప్టెంబర్‌లో ఆపింది. 2023 డిసెంబర్‌లో మళ్లా ఆపింది. ఢిల్లీ వాళ్లు తినే ఉల్లి వేరు, మన గడ్డ వేరు. మన పంట ఆపితే వాళ్ల కూరలోకి ఒక్క గడ్డ కూడా అదనంగా చేరదు. మన కళ్లంలో మాత్రం కుప్ప కుళ్లిపోతుంది. 2020 అక్టోబర్‌లో చివరికి కేపీ ఉల్లికి 10,000 టన్నుల వరకు చెన్నై రేవు నుంచి పంపుకోవచ్చని మినహాయింపు ఇచ్చినారు. అంటే ఈ గడ్డ వేరని కేంద్రానికే తెలుసు. అయినా శాశ్వతంగా ఈ పంటను ఆ నిషేధం నుంచి తప్పించమని అడిగే గొంతు కావాల. కాంగ్రెస్ అభ్యర్థి సభల్లో కూడా, మిగతా ఇద్దరి సభల్లో కూడా ఇది పెద్ద అంశం కాలేదు. జాతీయ విధానం అనేది ఎక్కడో పార్లమెంటులో ఉండే వస్తువు కాదు. మన మడి గట్టు దాకా వచ్చి కూర్చుంటుంది.

హోదా వస్తే ఫ్యాక్టరీ ఎక్కడ?

షర్మిల గారి మొదటి హామీ ప్రత్యేక హోదా. 2024 ఫిబ్రవరి 2న ఢిల్లీ ఆంధ్రభవన్ దగ్గర దీక్షకు కూర్చున్నారు. పదేళ్ల హోదా అన్నారు. చంద్రబాబు గారూ, జగన్ గారూ ఇద్దరూ బీజేపీ ముందర నోరు మూసుకున్నారన్నారు. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో మన్మోహన్ సింగ్ గారు ఐదేళ్ల హోదా ప్రకటించింది నిజం. దాన్ని చట్టంలో రాయకుండా వదిలేసింది కూడా ఆ పార్టీ ప్రభుత్వమే. 2016 సెప్టెంబర్‌లో హోదా లేదు, ప్యాకేజీ అని చెప్పింది బీజేపీ ప్రభుత్వం. ఆ ప్యాకేజీని స్వాగతించింది తెలుగుదేశం. 25 మంది ఎంపీలను ఇస్తే మెడలు వంచుతామన్నది వైసీపీ. ఇందులో చేతులు కడుక్కోదగ్గ పార్టీ ఒక్కటీ లేదు.

హోదా అంటే ముఖ్యంగా ఏంది? కేంద్ర పథకాల ఖర్చులో కేంద్రం 90, రాష్ట్రం 10 పెట్టుకోవడం. మామూలు రాష్ట్రాలకు 60, 40. ఈ తేడా ఎంత పెద్దదో 2025 డిసెంబర్‌లో మళ్లా కనపడింది. ఉపాధి హామీ చట్టం స్థానంలో పార్లమెంటు తెచ్చిన కొత్త చట్టంలో కూలి ఖర్చులో కూడా రాష్ట్రం 40 భరించాల. ఈశాన్య, హిమాలయ రాష్ట్రాలకయితే 10 చాలు. కాబట్టి హోదా ఉత్త మాట కాదు, అడగాల్సిందే.

సీమ బిడ్డలుగా మనం రెండో ప్రశ్న కూడా వేయాల. హోదా రాష్ట్రానికి వస్తుంది. ఆ రాయితీలతో వచ్చే ఫ్యాక్టరీ ఎక్కడ కూర్చుంటుంది? రేవు పక్కన, రాజధాని పక్కన కూర్చుంటుంది. హైదరాబాద్ కథ చూసినోళ్లం మనం. రాష్ట్రం మొత్తం పేరుతో వచ్చింది ఒక్క చోట పోగుబడితే ఏమయితుందో మనకు ఎవరూ చెప్పాల్సిన పని లేదు.

అదే ఫిబ్రవరి 20 ప్రకటనలో మన్మోహన్ గారు ఇంకో మాట చెప్పినారు. రాయలసీమకు, ఉత్తరాంధ్రకు ఒడిశా కేబీకే తరహాలో, బుందేల్‌ఖండ్ తరహాలో ప్రత్యేక ప్యాకేజీ అన్నారు. అది విభజన చట్టం 46వ సెక్షన్‌లోకి కూడా ఎక్కింది. చేతికి వచ్చిందేమంటే, వెనుకబడిన ఏడు జిల్లాలకు జిల్లాకు ఏటా 50 కోట్లు. కొత్త ఫ్యాక్టరీలకు ఆదాయపన్నులో ఇచ్చిన 15 శాతం పెట్టుబడి రాయితీ 2020 మార్చి 31తో గడువు తీరిపోయింది. హోదా గురించి మూడు పార్టీలూ అరిచినాయి. 46వ సెక్షన్ గురించి అరిచినోళ్లు ఎందరు? కాంగ్రెస్ తొమ్మిది గ్యారంటీల్లో మొదటిది హోదా. ఆ తొమ్మిదిలో రాయలసీమ ప్యాకేజీ అనే గ్యారంటీ లేదు.

నాలుగు రాళ్లు, వెలగని కొలిమి

జమ్మలమడుగు ఉక్కు సంగతికొద్దాం. షర్మిల గారు దీన్ని విభజన హామీగా పదే పదే ఎత్తినారు. శంకుస్థాపనలే తప్ప పని లేదని విమర్శించినారు. విమర్శ సరైందే. లెక్క మాత్రం పూర్తిగా చెప్పుకోవాల.

2007 జూన్‌లో రాజశేఖర రెడ్డి గారు బ్రహ్మణికి రాయి వేసినారు. 10,000 ఎకరాలకు పైగా భూమి ఇచ్చినారు. అది ఆగిపోయింది. 2018 డిసెంబర్‌లో చంద్రబాబు గారు మైలవరం మండలం కంబాలదిన్నె దగ్గర ఇంకో రాయి వేసినారు. 2019 డిసెంబర్ 23న జగన్ గారు సున్నపురాళ్లపల్లె దగ్గర మూడో రాయి వేసినారు. 2023 ఫిబ్రవరి 15న జేఎస్‌డబ్ల్యూతో కలిసి నాలుగో రాయి వేసినారు. పొయ్యికి మూడు రాళ్లు చాలు. మనకు నాలుగు పడినా 2024లో ఓట్లు అడిగే నాటికి కొలిమి వెలగలేదు.

విభజన చట్టం 13వ షెడ్యూల్ చూడండి. కడప జిల్లాలో ఉక్కు ఫ్యాక్టరీ సాధ్యమవుతుందా లేదా అని సెయిల్ ఆరు నెలల్లో "పరిశీలించాల" అని రాసినారు. "పెట్టాల" అని రాయలేదు. ఆ ఒక్క మాటతోనే సెయిల్ తప్పించుకుంది. ఆ మాట రాసింది యూపీఏ ప్రభుత్వం. దాన్ని వాడుకుని చేతులు దులుపుకుంది ఎన్డీయే ప్రభుత్వం. కాబట్టి రేపు ఏ అభ్యర్థి అయినా ఉక్కు మాట ఎత్తితే మనం ఒక్కటే అడగాల: ప్రభుత్వ రంగంలోనా, ప్రైవేటులోనా? విశాఖ ఉక్కును ప్రైవేటుకు ఇవ్వొద్దని షర్మిల గారు గట్టిగా చెప్పినారు. అదే సూత్రం కడప ఉక్కుకు కూడా వర్తించాల కదా? ప్రైవేటు కంపెనీ అయితే భూములిచ్చిన ఊర్ల పిల్లలకు ఎన్ని కొలువులు ఇస్తారో ఒప్పందంలోనే రాయించాల. నోటి మాట చాలదు.

ఇదే లోక్‌సభ స్థానంలో పులివెందుల పక్కన తుమ్మలపల్లె ఉంది. అక్కడ యురేనియం ఫ్యాక్టరీకి 2007లోనే రాయి పడింది. అప్పుడు ఢిల్లీలోనూ, హైదరాబాద్‌లోనూ కాంగ్రెస్ ప్రభుత్వమే. ఆ ఫ్యాక్టరీ మాత్రం కట్టినారు, నడిపించినారు. వ్యర్థాల చెరువు పక్క ఊర్ల రైతులు బోరు నీళ్లు పాడయినాయని ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు. కేంద్రానికి అవసరమైన ఫ్యాక్టరీ అయిదేళ్లలో లేచింది. మనకు అవసరమైన ఫ్యాక్టరీ రాళ్ల దగ్గరే ఆగింది. ఈ తేడాను గుర్తు పెట్టుకోండి.

నీళ్లు: ఆమె ఒక్కరే అడగగలిగిన ప్రశ్న

ఇప్పుడు అసలు విషయం. దువ్వూరు కేసీ కాలవ కింది మండలం. బచావత్ ట్రిబ్యునల్ ఈ కాలవకు 39.9 టీఎంసీలు రాసింది. ఆయకట్టు 2.65 లక్షల ఎకరాలు. కాగితం మీద హక్కు ఉంది. నీళ్లు నిలబెట్టుకునే చోటు లేదు. సుంకేసుల బరాజ్‌లో పట్టేది ఒకటిన్నర టీఎంసీ కూడా కాదు. తుంగభద్రకు వరద వచ్చినప్పుడు నీళ్లు కిందికి పోతాయి, మన పైరు ఎండేటప్పుడు నదిలో ఉండవు. అందుకే సుంకేసుల పైన గుండ్రేవుల దగ్గర 20 టీఎంసీల రిజర్వాయర్ కట్టమని సీమ రైతులు ఏండ్లుగా అడగతున్నారు.

అది ఎందుకు కదలలేదు? ముంపు తెలంగాణలో, కర్ణాటకలో కూడా ఉంది. ఆ రెండు రాష్ట్రాలు ఒప్పుకోవాల.

ఇప్పుడు 2024 మే నెల గుర్తుకు తెచ్చుకోండి. కర్ణాటకలో ఎవరి ప్రభుత్వం? కాంగ్రెస్. 2023 మే నుంచి. తెలంగాణలో ఎవరి ప్రభుత్వం? కాంగ్రెస్. 2023 డిసెంబర్ నుంచి. కడపలో నిలబడిన ప్రధాన అభ్యర్థుల్లో ఆ రెండు ప్రభుత్వాలను సొంత పార్టీ మనిషిగా అడగగలిగినామె షర్మిల గారు ఒక్కరే. జగన్ గారికి ఆ వీలు లేదు, చంద్రబాబు గారికీ లేదు. "గుండ్రేవులకు బెంగళూరు, హైదరాబాద్ ఒప్పుకున్నాయి, ఇదిగో లేఖ" అని ఆమె తెచ్చి ఉంటే ఈ జిల్లా ఎన్నిక ఇంకో మాదిరిగా ఉండేది. ఓడినా సరే, ఆ లేఖ మనకు మిగిలేది. తొమ్మిది గ్యారంటీల్లో అది లేదు.

ఎందుకు లేదు? అక్కడే జాతీయ పార్టీల గుట్టుంది. ఎగువ భద్ర ప్రాజెక్టుకు 2023 బడ్జెట్‌లో 5,300 కోట్లు ప్రకటించింది బీజేపీ. ఆ డబ్బు ఇంకా ఇవ్వలేదేమని కేంద్రాన్ని నిలదీస్తున్నది కర్ణాటక కాంగ్రెస్. మన తుంగభద్రకు పైన నీళ్లు మలిపే విషయంలో రెండు జాతీయ పార్టీలూ ఒక్కటే. సంగమేశ్వరం దగ్గర రాయలసీమ ఎత్తిపోతలకు 2020 మేలో జీవో ఇచ్చినప్పుడు తెలంగాణలో అధికారంలో ఉన్న పార్టీ వద్దంది, అప్పుడు ప్రతిపక్షంలో ఉన్న కాంగ్రెస్ కూడా వద్దంది. పర్యావరణ అనుమతి లేదని హరిత ట్రిబ్యునల్ అదే ఏడాది ఆపింది. 2025లో పోలవరం - బనకచర్ల అన్నప్పుడు తెలంగాణ కాంగ్రెస్ ప్రభుత్వం మళ్లా వద్దంది. తెలంగాణ ప్రభుత్వం తెలంగాణ కోసం మాట్లాడుతుంది. అది వాళ్ల పని. కర్ణాటక కర్ణాటక కోసం మాట్లాడుతుంది. మన తరఫున ఏ పార్టీ ఢిల్లీ ఆఫీసులో టేబుల్ గుద్ది మాట్లాడుతుంది? ఈ ప్రశ్నకు జవాబు లేనంత కాలం మన ప్రాంతానికి సొంత రాజకీయ గొంతు కావాలనే మాట బతికే ఉంటుంది.

రాష్ట్ర పార్టీలు బాగున్నాయా అంటే, మన మండలంలోనే నేలటూరు పోయి చూడండి. ఉక్కు రాయి పడిన 2019 డిసెంబర్ 23నే నేలటూరులో కూడా రాయి పడింది. కుందూ మీద రాజోలి, జొలదరాశి రిజర్వాయర్లు, కుందూ నుంచి తెలుగుగంగకు ఎత్తిపోతల. అదే రాజోలికి అంతకు ముందు రాజశేఖర రెడ్డి గారి కాలంలో కూడా శంకుస్థాపన జరిగింది. ఒక్క జిల్లాలో ఒక్కరోజే ఇన్ని రాళ్లు పడితే పైరుకు ఎన్ని తడులు వచ్చినాయో కాలవ కింద సేద్యం చేసే మీకంటే ఎవరికి తెలుసు?

రాజధాని, హైకోర్టు, ఒక బ్యాంకు

పదేళ్లయినా రాష్ట్రానికి రాజధాని లేదని, మూడు రాజధానులని చెప్పి ఒకటీ కట్టలేదని షర్మిల గారు విమర్శించినారు. అది మాట వరకు నిజమే. సీమ దగ్గర ఇంకో పాత కాగితం ఉంది. 1937 నవంబర్ 16 శ్రీబాగ్ ఒడంబడిక. రాజధాని, హైకోర్టుల్లో ఒకటి సీమకు, ఎంచుకునే అవకాశం సీమకు అని రాసుకున్నారు. కృష్ణా, తుంగభద్ర, పెన్నా నీళ్లల్లో పదేళ్లు సీమకు ముందు వరుస అని రాసుకున్నారు. 1953లో కర్నూలు రాజధాని అయింది, 1956లో పోయింది. 2020లో హైకోర్టు కర్నూలుకు అని చట్టం చేసినారు, 2021లో ఆ చట్టం వెనక్కి తీసుకున్నారు. 2024 నవంబర్‌లో కర్నూలులో బెంచ్ అని అసెంబ్లీ తీర్మానం చేసింది. ఒప్పందంలో ఉన్నది హైకోర్టు, తీర్మానంలో ఉన్నది బెంచ్. తేడా చిన్నదేం కాదు.

ఉద్యోగ మిత్రులకు ఇంకొకటి. రాయలసీమ గ్రామీణ బ్యాంకు మొదలు, 2006లో ఆంధ్ర ప్రగతి గ్రామీణ బ్యాంకు అయినాక కూడా దాని ప్రధాన కార్యాలయం కడపలోనే ఉండేది. కేంద్రం ఒక రాష్ట్రానికి ఒక గ్రామీణ బ్యాంకు అన్నది. 2025 మే 1న నాలుగు బ్యాంకులు కలిపి ప్రధాన కార్యాలయం అమరావతిలో పెట్టినారు. ఇది ఢిల్లీ విధానం, నష్టం కడపది. జాతీయ విధానం వేరు, ప్రాంతీయ సమస్య వేరు అని ఎవరైనా అంటే ఈ బ్యాంకును చూపించండి.

మనం చేయాల్సింది

షర్మిల గారి 1,41,039 ఓట్లల్లో విధానాలు చూసి వేసినోళ్లు కొందరైనా ఉంటారు. వాళ్లకు నా గౌరవం. ఆమె చెప్పిన హోదా, మద్దతు ధర, విశాఖ ఉక్కు మాటలు మనం కూడా సమర్థించేవే. లోటు ఎక్కడంటే, అవి ఆంధ్రప్రదేశ్ మొత్తానికి కుట్టిన చొక్కా. సీమ ఒంటికి కొలత తీసుకోలేదు. కొలత ఇవ్వంది ఎవరు? మనమే ముందుగా రాసి ఇయ్యలేదు.

తెలంగాణ వాళ్లను చూడండి. 2004లో పొత్తు పెట్టుకునే ముందరే కాంగ్రెస్‌తో ఆ మాట అనిపించుకున్నారు. మాట తప్పితే వెంటబడినారు. 2009 డిసెంబర్ 9న ప్రకటన, 2014 జూన్ 2న రాష్ట్రం. విద్యార్థులు, ఉద్యోగులు అభ్యర్థి ఎవరైనా సరే మాట తీసుకునే వరకు వదల్లేదు. ఆ పట్టుదల మనకు కావాల.

అందుకని ఇప్పటి నుంచే అయిదు ప్రశ్నలు ప్రతి ఊరి గోడ మీద రాద్దాం. ఒకటి, గుండ్రేవులకు ఎగువ రాష్ట్రాల ఒప్పుకోలు ఎప్పుడు తెస్తారు? రెండు, 46వ సెక్షన్ ప్యాకేజీ ఎంత, ఎన్నేళ్లకు? మూడు, కడప ఉక్కు ఎవరి చేతిలో, కొలువులు ఎవరికి? నాలుగు, కేపీ ఎర్రగడ్డను ఎగుమతి నిషేధం నుంచి శాశ్వతంగా తప్పిస్తారా? అయిదు, శ్రీబాగ్ ప్రకారం హైకోర్టు అడుగుతారా, బెంచ్‌తో సరిపెట్టుకుంటారా? ఏ పార్టీ అభ్యర్థి అయినా, ఏ కుటుంబం అయినా, ఈ అయిదింటికి సంతకంతో జవాబు ఇయ్యాల. సంతకం పెట్టనాయనకు మన ఊర్లో దండ వద్దు, టపాకాయలు వద్దు.

విద్యార్థులు ఊరూరా ఈ ప్రశ్నలు తీసుకుపోండి. ఉద్యోగులు జీవోలు, లెక్కలు తెలిసినోళ్లు, వాటిని తేట తెలుగులో రాసివ్వండి. రైతులు సభలకు వచ్చే నాయకుల ముందర నిలబడి అడగండి. 2029 దూరం లేదు. ఆ లోపల మన ప్రశ్నలు వాళ్ల మేనిఫెస్టోల్లోకి ఎక్కాల. ఎక్కకపోతే ఎందుకు ఎక్కలేదో చెప్పి, వేరే దారి ఏదో సీమ జనమే తేల్చుకుంటారు.

సెలవు. జై రాయలసీమ.